దాల్సు బావ తుఫాను

మా దాల్సు బావ బతుకంతా ఒక్క మాట మీదే గడిచింది. "రేపు పడవ రాదు." మా ఉల్లుంగ్ దీవి చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఎవరో ఒకర్ని పట్టుకుని ఈ మాట అనకపోతే ఆయనకి తిన్నది అరగదు. అన్న మర్నాడు పడవ ఠంచనుగా వస్తుంది. సముద్రం నూనె పోసినట్టుంటుంది. బావ రేవులో నిలబడి, ఆ పడవ విసిరిన మోకు తనే అందుకుని, తనే గుంజకి చుట్టి, ఇదెలా వచ్చిందబ్బా అన్నట్టు దానివైపు ఎగాదిగా చూస్తాడు.

ఆ మాట ఉత్తినే అనడు, దానికో తతంగం ఉంది. ముందు టోపీ తీస్తాడు. చూపుడువేలు నోట్లో తడిపి గాలిలోకి ఎత్తుతాడు. కొండ కొమ్మున మబ్బు చూస్తాడు. రేవు రాళ్ళ సందులో పీత కనిపిస్తే దాని ముందు గొంతుక్కూర్చుని దాన్ని కూడా ఓ మాట అడుగుతాడు. అప్పుడు లేచి, చావు కబురు తెచ్చినవాడిలా గొంతు తగ్గించి, "రేపు పడవ రాదు తల్లీ" అంటాడు. ఆ ముఖం చూస్తే కన్నతండ్రి మాటైనా కాదని ఆయన మాటే నమ్ముతారు.

మేం నమ్మం. మాకాయన తలకిందులుగా పనిచేసే వాతావరణ యంత్రం. బావ పడవ రాదన్నాడంటే మర్నాడు ఎండ ఖాయం. ఆడవాళ్ళం పదికాళ్ళ స్క్విడ్‌లు చీల్చి వెదురు పుల్లలకి గుచ్చి ఆరేసేస్తాం. బడి పంతులు పిల్లల్ని కొండ మీదికి షికారు తీసుకుపోతాడు. దుప్పట్లన్నీ ఉతుకుల్లో పడతాయి. రేడియో మాట విని చాలాసార్లు తడిసిపోయాం గానీ, దాల్సు బావ అబద్ధం ఏనాడూ మమ్మల్ని తడపలేదు.

ఆయన్ని నిజంగా నమ్మి మునిగినదాన్ని నేను. మాది హుపో, సముద్రానికి అవతలి ఒడ్డు. అందుకే ఇన్నేళ్ళయినా ఇక్కడ నన్ను పేరు పెట్టి పిలిచే దిక్కు లేదు, హుపో ఆవిడనే అంటారు. పెళ్ళి కుదిరాక, ఓసారి పిన్నిని చూసి రమ్మని మావాళ్ళు నన్నీ దీవికి పంపారు. పెళ్ళికొడుక్కి బియ్యం కొట్టు, పెంకుటిల్లు, నవ్వితే మెరిసే బంగారు పన్ను. అప్పట్లో పడవ ఎప్పుడో గాని వచ్చేది కాదు. తిరిగి వెళ్ళాల్సిన ముందురోజు, రేవులో వల బాగుచేసుకుంటున్న కుర్రవాడొకడు లేచి, టోపీ తీసి, వేలు తడిపి, పీతని అడిగి, "రేపు పడవ రాదు" అన్నాడు. నేను మూట విప్పేసి పిన్ని ఇంట్లో ముసుగుతన్ని పడుకున్నాను. పడవ వచ్చింది, పోయింది. అక్కడ మగపెళ్ళివాళ్ళు తాంబూలాలకని వచ్చి కూర్చుని, పిల్ల లేదని అవమానపడి లేచిపోయారట. తర్వాత ఆ కుర్రవాడి బాబాయి కొడుకే నన్ను చేసుకున్నాడు. ఎప్పుడో అగ్నిపర్వతం సముద్రంలోంచి కక్కి పోసిన ఈ నల్లరాతి దిబ్బ మీద, స్క్విడ్ పేగులు కడుక్కుంటూ ముసలిదాన్నయ్యాను.

ఇది నేను మరిచిపోయే మనిషిని కాను, బావని మరిచిపోనిచ్చేదాన్ని అంతకన్నా కాను. మా ఆయన తాగి వచ్చినా, మంచు బరువుకి ఇంటి వాసం విరిగినా, వంటచెరకు తడిసినా, నేరుగా రేవుకి దిగి బావని దులిపేసేదాన్ని.

"పెంకుటింట్లో ఉండాల్సినదాన్ని బావా."

"అవును మరదలా."

"బియ్యం కొట్టు యజమానురాలిని."

"అవును మరదలా. నా పొరపాటే."

"బంగారు పన్ను."

"పన్ను సంగతి మాత్రం నన్నడక్కు మరదలా."

ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. తిట్టినకొద్దీ నెమ్మదిగా తలూపేవాడు. అలాంటి మనిషిని తిట్టడంలో ఉన్న సుఖం ఇంకెందులోనూ లేదు.

ఓసారి కొత్త జంట ఒకటి పడవ దిగింది. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు, సామాను కూడా విడివిడిగా మోస్తున్నారు. కొండ కొమ్మున, సముద్రం మీదికి తొంగిచూస్తున్నట్టుండే మా ఊళ్ళో పూటకూళ్ళ ఇల్లు నాదొక్కటే. ఆ పిల్ల మొదటి పూటే నా పింగాణీ గిన్నె మొగుడి మీదికి విసిరింది. అది తగల్లేదు, పగిలింది. బావ వాళ్ళకి తుఫాను చెప్పాడు. చెప్పినన్నాళ్ళూ నా ఇంట్లోనే పడి ఉన్నారు. పోయేటప్పుడు చూడాలి, గుమ్మడి పాకం మిఠాయి ఒకే ముక్కని ఇద్దరూ చెరోవైపు కొరుకుతున్నారు. గిన్నె మాట ఎవరికీ గుర్తు లేదు, నాకు తప్ప.

అయితే అందరూ ఇలా మిఠాయి కొరుక్కుంటూ పోరు కదా. పట్నం నుంచి వచ్చిన ఆఫీసరొకాయన బావ మాట విని పడవ అందుకోక, ఏదో పెద్ద మీటింగు పోగొట్టుకుని, నిప్పులు కక్కుతూ ఫిర్యాదు రాసి పడేశాడు. (మరుసటి వేసవికి ఆయనే పెళ్ళాన్ని వెంటేసుకుని వచ్చి, రేవులో దిగుతూనే బావ కోసం వెతికాడు. అది వేరే సంగతి.) మా ఊరిపెద్ద సొక్చుల్‌కి ఇదంతా తలనొప్పి అయింది. బావని రేవులో అందరి ముందూ నిలబెట్టాడు.

"ఇదిగో దాల్సూ, కలిసి వల లాగినవాళ్ళం గనక మర్యాదగా చెబుతున్నా. ఇంకొక్క మనిషికి నీ మాట విని పడవ తప్పిపోయిందో, మోకు నీ చేతిలో ఉండదు. ఇంకెవడికైనా ఇచ్చేస్తా."

"ఎవడికి?"

"ఎవడికో ఒకడికి. తాడు పట్టుకోడానికి పెద్ద చదువులు చదవాలా?"

బావ మోకు వంక చూశాడు. ఆయనకి పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. సొంత పడవ ఏనాడో రాళ్ళకి కొట్టుకుని ముక్కలైపోయింది. పొద్దున్నే లేచి టోపీ పెట్టుకోడానికి ఆయనకి ఈ లోకంలో మిగిలిన కారణం ఆ మోకొక్కటే. ఎంత ఊగుతున్న పడవ విసిరినా మొదటి విసురుకే అందుకుంటాడు. ఆ ఒక్క క్షణం ఆయన నడుము పాతికేళ్ళవాడి నడుములా నిలబడుతుంది.

ఆ రోజు నుంచి బావ నోరు కట్టేసుకున్నాడు. అలవాటుకొద్దీ వేలు తడుపుతాడు, గబుక్కున చొక్కాకి తుడిచేసుకుంటాడు. పీత ఎదురైతే అప్పున్నవాడిలా ముఖం తిప్పుకుంటాడు. మునిగింది మేమే. మర్నాటి ఎండ చెప్పే దిక్కు లేక, ఆరేసిన స్క్విడ్ అంతా వానలో నాని బూజు పట్టింది. ఆడవాళ్ళం గుంపుగా వెళ్ళి ఊరిపెద్దని నిలదీశాం. "అబద్ధం ఆపించావు, బాగుంది. ఇప్పుడు మాకు ఎండెవడు చెబుతాడు?" అంటే, రేడియో వినమన్నాడు. ఆ రేడియో వినే తడిశాం అన్నాం.

అలాంటప్పుడు వచ్చింది జంగ్‌నిమ్. దేగూ నగరంలో ఓ పెద్ద కుటుంబానికి పెద్దకోడలు. సోయా సాస్ సీసాలు కొంటే పెట్టిన లాటరీలో ఆవిడకి మా దీవి ప్రయాణం తగిలింది. టికెట్టు ఒక్కరికే. ఊరికే వచ్చిన టికెట్టు పారేస్తామా అని అత్తగారు రెండు రాత్రులకి సెలవిచ్చి పంపిందట. తిరిగి ఇల్లు చేరే రోజే మామగారి తండ్రి తద్దినం.

ఆ మనిషికి కూర్చోవడం చేతకాదు. అన్నం పెడితే నిలబడి తిన్నది. తిన్న గిన్నె కడిగింది, నా గిన్నెలు కడిగింది, ఇంక గిన్నెలు దొరక్క పొయ్యి కడిగింది. "చూడ్డానికి వచ్చారు కదమ్మా, అలా కొండల మీదికి వెళ్ళి రండి" అన్నాను. "వెళ్తానండీ, ఈ వెల్లుల్లి వలిచేసి" అంది. వెల్లుల్లి అయ్యాక, ఆరేసిన స్క్విడ్‌ల కాళ్ళు అంటుకోకుండా విడదీస్తూ నిలబడింది. కిటికీ నిండా సముద్రం. దానికి వీపు పెట్టి పని. నేను వద్దనలేదు. చెయ్యి తిరిగిన పనిమంతురాలు, అలాంటివాళ్ళు ఊరికే దొరుకుతారా.

మర్నాడు మధ్యాహ్నం బావ నా ఇంటికి పులుసు తాగడానికి వచ్చి ఆవిణ్ణి చూశాడు.

"ఎవరు మరదలా, పనికి పెట్టుకున్నావా?"

"కాదు. దీవి చూడ్డానికి వచ్చిందట."

"చూసిందా?"

"నా వంటిల్లు చూసింది."

బావ పులుసు గిన్నె దించాడు. "అమ్మా, ఆ బుట్ట పట్టుకుని నా వెంట రా. పనుంది" అన్నాడు. పని అనగానే ఆవిడ చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా బయల్దేరింది. ఏం పనా అని నేనూ కూరాకు కోసే నెపం మీద వెనకే వెళ్ళాను. కొండ అంచున, నేల తెగిపోయేచోట, కాళ్ళ కింద సముద్రపు కాకులు ఎగిరేచోట ఆవిణ్ణి కూర్చోబెట్టాడు.

"గాలికి బుట్ట ఎగిరిపోకుండా పట్టుకుని కూర్చో. అదే పని."

"ఎంతసేపండీ?"

"గాలి తగ్గేదాకా."

అక్కడ గాలి తగ్గడమన్నది లేదు. ఆవిడ బుట్ట ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది. బావ జేబులోంచి మిఠాయి తీసి చేతిలో పెట్టాడు.

"రేపు ఇంటికెళ్ళి ఏం చేస్తావమ్మా?"

"చేపలు వేయించాలండీ. పప్పు రుబ్బి అట్లు పోయాలి, మాంసం ఉడకెయ్యాలి, పెద్దాయనకి ఇష్టమని వేరుకూరలు మూడు తీర్లు. తెల్లారి గిన్నెలు తోమాలి. మళ్ళీ వారం ఆయన భార్యగారి తద్దినం."

"వాళ్ళని చూశావా నువ్వు?"

"లేదండీ, నేను కోడలిగా రాకముందే పోయారు."

"మంచివాళ్ళేనా?"

"తిండి దగ్గర పట్టింపున్నవాళ్ళని మా అత్తగారంటారు."

బావ చెయ్యి టోపీ మీదికి వెళ్ళింది. పొదల వెనక నుంచే గదమాయించాను. "బావా, మోకు. గుర్తుందా?"

ఆయన నావైపు చూశాడు. ఆవిడ వైపు చూశాడు. కళ్ళు మూతలు పడి ఆవిడ తల ఓ పక్కకి వాలిపోతోంది, బుట్ట మీద చేతులు మాత్రం వదలడం లేదు. బావ టోపీ తీశాడు. వేలు తడిపాడు. కొండ మీద పీత దొరకదు గనక, పక్కన నెమరేస్తున్న మా ఆవు ముందు గొంతుక్కూర్చుని దాన్ని అడిగాడు.

"రేపు పడవ రాదు తల్లీ."

ఆవిడ కళ్ళు తెరిచి కిందికి చూసింది. సముద్రం అద్దంలా ఉంది, అందులో కొండ తన ముఖం తను చూసుకుంటోంది. తర్వాత బావ ముఖం చూసింది.

"నిజంగానా అండీ?"

"నిజంగా."

"పెద్ద తుఫానా?"

"చెప్పకూడదు గానీ, చాలా పెద్దది."

"అయితే ఏం చేస్తాం" అని, చేతిలో ఉన్నది వదిలేసి గడ్డిలో వెనక్కి వాలి పడుకుంది. బుట్ట దొర్లుకుంటూ వెళ్ళి సముద్రంలో పడింది. నా బుట్ట.

మర్నాడు పొద్దున దేగూకి ఫోను కలిపాం. ఊరి మొత్తానికి ఫోను నా ఇంట్లోదే. అత్తగారి గొంతు వంటింటి అవతలికి కూడా వినిపించింది.

"పడవ రాకపోవడమేమిటి? ఇక్కడ ఆకు కదలడం లేదు."

జంగ్‌నిమ్‌కి అబద్ధం రాదు. నోరు తెరిచి, మూసి, ఫోను బావ చేతిలో పెట్టేసింది.

"నమస్కారం పెద్దమ్మా, రేవు మనిషిని. ఇక్కడ అలలు ఇంటెత్తున లేస్తున్నాయి."

"ఎంత ఇల్లు?"

"మీ ఇల్లెంతో చెప్పండి, దానికి రెండింతలు."

"నాకేం వినబడ్డం లేదే."

బావ నావైపు చూశాడు. ఆయన ఆటకి తాళం వెయ్యాలని నాకేం లేదు. ఆయనంటే నాకు మంట. కాకపోతే అత్తగార్లంటే అంతకన్నా మంట. స్క్విడ్ కడిగే తొట్టి ఫోను దగ్గరికి లాగి రెండు చేతులా నీళ్ళు బాదాను.

"విన్నారా పెద్దమ్మా? గుమ్మం దాకా వచ్చేసింది."

సరిగ్గా అప్పుడే కింద రేవులో పడవ కూత వేసింది. నింపాదిగా, పొడుగ్గా.

"అదేమిటి?"

"ఆవు పెద్దమ్మా. గాలికి బెదిరిపోయింది."

పడవ మళ్ళీ కూసింది.

"దూడ కూడా" అన్నాడు బావ. అంటూనే ముఖం పాలిపోయింది. "మోకు" అని, ఫోను నా చేతిలో కుక్కి, కొండ మెట్లు దూకుతూ పరిగెత్తాడు. ఆ వయసులో ఆ మెట్ల మీద పరుగంటే ప్రాణం మీదికే. "ఇప్పుడు రేవు మనిషే కొట్టుకుపోయేట్టున్నాడు" అని అత్తగారికి చెప్పి పెట్టేశాను. అందులో అబద్ధం సగమే.

బావ చేరేసరికి ఆలస్యమైపోయింది. మోకు పట్టుకునే మనిషి లేడని, తాడుకి చదువులెందుకన్న మా సొక్చులే ఊరందరి ముందూ చేతులు చాచి నిలబడ్డాడట. పడవవాడు విసిరాడు. సొక్చుల్ మోకుని పట్టుకోలేదు, మోకే సొక్చుల్‌ని పట్టుకుంది. దాంతో పాటే నీళ్ళలోకి వెళ్ళాడు. ఆయన్ని పైకి లాగి, ఆ తాడుతోనే పడవనీ కట్టింది బావే.

పడవ తిరిగి వెళ్ళిపోయాక, ఎక్కాల్సిన మనిషొకరు తగ్గారని రేవులో తేలింది. సొక్చుల్ నీళ్ళోడుతూ వచ్చి నా వంటింట్లో నిలబడ్డాడు. వెనకాల బావ, టోపీ చేతిలో పట్టుకుని. గోడవార జంగ్‌నిమ్.

"పడవ రాదని ఈవిడతో ఎవరు చెప్పారు? నువ్వు చెప్పు హుపో వదినా. నీకు మొహమాటం లేదు. అందరికన్నా ముందు మోసపోయినదానివి కూడా నువ్వే."

నేను నోరు తెరిచాను. నిజం చెబుదామనే తెరిచాను. కానీ తడిసినవాడి నోరు ఊరుకోదు కదా, సొక్చుల్ బావ మీదికి తిరిగాడు. "ఆనాడు ఈవిడతో అబద్ధమాడావంటే దానికో కారణముంది, మేమందరం నోళ్ళు కట్టేసుకున్నాం. ఈ దేగూ ఆవిడకి ఏం కారణం?"

"నాకేం కారణం?" అన్నాను.

బావ దూలం వైపు చూస్తున్నాడు.

"నీకు తెలీదా వదినా ఇప్పటికీ?" అన్నాడు సొక్చుల్. "ఆ బియ్యం కొట్టువాడు అప్పటికే ఇద్దరు పెళ్ళాల్ని కొట్టి తరిమేసినవాడు. పడవలో వంటచేసేవాడు మాకు చెప్పాడు. మొదటావిడకి చెయ్యి విరగ్గొడితే, ఆవిడ రెండో చేత్తో రోకలి అందుకుని మూతి మీద ఒక్కటిచ్చి పుట్టింటికి పోయింది. బంగారు పన్ను సోకుకి పెట్టించుకున్నాడనుకున్నావా?"

నేను బావ వైపు చూశాను.

"మీ పిన్నికి చెప్పబోయాను మరదలా" అన్నాడాయన దూలంతోనే. "కుదిరిన సంబంధం చెడగొడతావా అని చీపురు తీసింది. ఇంకేం చెయ్యను, పడవ రాదన్నాను."

"మరి ఇన్నేళ్ళూ తిట్లు తింటూ కూర్చున్నావేం? ఒక్క మాట చెప్పొచ్చుగా."

"పెంకుటిల్లు, పెంకుటిల్లు అని అంత ముచ్చటగా తిట్టేదానివి. నీకున్న పెంకుటిల్లు అదొక్కటే కదా మరదలా. పడగొట్టబుద్ధి కాలేదు."

నేను మాట కోసం వెతుక్కోవడం మా ఊళ్ళో అంతకుముందు ఎవరూ చూసి ఉండరు. చేతులు తుడుచుకున్నాను. తుడిచినవే మళ్ళీ తుడిచాను. నిజంగా తుఫాను వచ్చే ముందురోజు ఈయన ఎవరికీ ఏమీ చెప్పడన్న సంగతి అప్పుడు తట్టింది నాకు. అన్నిసార్లూ తప్పు చెప్పాలంటే సముద్రం ఎంత బాగా తెలియాలి.

"పడవ రాదని చెప్పింది నేను" అన్నాను.

సొక్చుల్ నోరు తెరుచుకుంది. "నువ్వా?"

"నేనే. స్క్విడ్ కాళ్ళు విడదీసే మనిషి కోసం. నా చేతిలో మోకు లేదుగా, ఏం లాక్కుంటావో లాక్కో."

"అవునండీ, ఈవిడే చెప్పారు" అంది జంగ్‌నిమ్ రెప్ప వెయ్యకుండా. పొద్దున అబద్ధం రాని మనిషి, మధ్యాహ్నానికి ఎంత చక్కగా నేర్చుకుందో.

సొక్చుల్ మా ముగ్గురినీ మార్చి మార్చి చూసి, గట్టిగా తుమ్మాడు. మోకు ఇంకెవరికి ఇస్తాడని ఎవరూ అడగలేదు. ఒంటి మీంచి ఇంకా కారుతూనే ఉందాయనకి. నేను పులుసు వేడిచేసి అందరికీ పోశాను. బావకి రెండు గరిటెలు ఎక్కువ పడ్డాయి. కృతజ్ఞతలు చెప్పే అలవాటు నాకు లేదు.

"నువ్వు వట్టి అబద్ధాలకోరువి బావా."

"అవును మరదలా."

రెండ్రోజులు పోయాక, పడవలోంచి అత్తగారు దిగింది.

చిన్న మనిషి, నెత్తిన మూట, నిటారుగా ఉన్న మెడ. మోకాళ్ళు మాత్రం మెట్టు మెట్టుకీ మూలుగుతున్నాయి. వేళ్ళు ఎండిన అల్లం కొమ్ముల్లా ఉన్నాయి. రేవులో అడుగుపెట్టి, పళ్ళెంలా పరుచుకున్న సముద్రాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది.

"తుఫానెక్కడ?"

సొక్చుల్ మెల్లిగా గుంజ వెనక్కి జరిగాడు. బావ మోకు చుట్టడం పూర్తిచేసి ముందుకొచ్చాడు. "నిన్ననే వెళ్ళిపోయింది పెద్దమ్మా."

"ఇంత తొందరగానా?"

"మా దగ్గర అంతేనండీ."

జంగ్‌నిమ్ తల వంచుకుని వచ్చి నిలబడింది. "తద్దినం ఏమైంది అత్తయ్యగారూ?"

"నీ మొగుడూ తమ్ముళ్ళూ చేశారు. చేపల్ని ఒకవైపే వేయించారు. రెండో వైపు ఉంటుందని వాళ్ళకి తెలీదు. వచ్చిన పెద్దాయన పక్కింటి తద్దినానికి పోయి ఉంటారు." మూట దించింది. "రేపటి పడవకి పోదాం. సామాను సర్దుకో."

అని తలెత్తింది. నల్లటి కొండ నిలువునా లేచి, దాని నడినెత్తిన మా ఊరు, దాని చుట్టూ తెల్లటి పిట్టలు. ఆవిడ చూస్తూ ఉండిపోయింది. "పదిహేనో ఏట కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టాను" అంది, ఎవరితో అంటోందో తెలీకుండా. "సముద్రమంటే ఇదేనా."

బావ టోపీ తీశాడు. నేను చూశాను, సొక్చుల్ చూశాడు. సొక్చుల్ నావైపు చూసి, అటు తిరిగి, రేవు గోడలో రాళ్ళు సరిగ్గా ఉన్నాయో లేదో చాలా శ్రద్ధగా చూసుకోవడం మొదలుపెట్టాడు. బావ వేలు తడిపాడు. పీతని అడిగాడు. చాలా రోజుల తర్వాత కలిసిన స్నేహితుల్లా వాళ్ళిద్దరూ ఒకింత ఎక్కువసేపే మాట్లాడుకున్నారు.

"రేపు పడవ రాదు పెద్దమ్మా."

ఆవిడ ఆ నూనెలాంటి సముద్రం వైపు చూసింది. బావ తడి వేలి వైపు చూసింది. మూట మీద నెమ్మదిగా కూర్చుని, మోకాళ్ళు రెండూ ముందుకి చాపుకుంది.

"ఒక్క రేపేనా?" అంది.

నేను తొట్టి నింపడానికి ఇంటికి బయల్దేరాను. ఈసారి ఫోనెత్తేది కొడుకులు, ఆకలి మీదుంటారు. వాళ్ళకి ఇంకాస్త పెద్ద తుఫాను కావాలి.